అత్తమ్మ అప్పజెప్పించిన పేర్లు

మా మేనత్త కన్నుమూసి ఏడాదైన సందర్భంగా మొన్న ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నర్సంపేట దాటి చెరువుకట్ట మీదుగా వెళితే వచ్చే ఊరు మాది. గుడి (మా చర్చి) ముందు షామియానా వేసి, మైకు పెట్టి, మాంసం కూరతో భోజనాలు వండించి, ఏ లోటూ లేకుండానే జరిపించారు. వేదిక మీది కుర్చీల్లో అయ్యగారు (మా పాస్టరు), పాస్టరేట్ (కొన్ని ఊళ్ల సంఘాలు కలిసిన విభాగం) కమిటీ పెద్దలు, చుట్టుపక్కల సంఘాల పాస్టర్లు కూర్చున్నారు. ఒకరి తరువాత ఒకరు లేచి ఆమె విశ్వాసాన్ని, వినయాన్ని, ముఖ్యంగా ఆమె మౌనాన్ని పొగిడారు. ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు ఎంతోమంది కింద చాపల మీద కూర్చుని ఉన్నా, వారిలో ఒక్కరినీ మాట్లాడమని ఎవరూ పిలవలేదు. మౌనం అనే మాట మైకులో వినిపించినప్పుడల్లా నా పక్కనున్న చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నది. మా అత్తమ్మను మౌనంగా ఉండగా చూసిన మనిషి ఆ ఊళ్లో ఉంటారని నేను అనుకోను. హనుమకొండకు తిరిగి వచ్చే బస్సులో నాకు గుర్తుకు వచ్చినవి, గుర్తుకు వచ్చిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

గుడ్డ సంచి

అత్తమ్మ మా సంఘంలో బైబిల్ స్త్రీ. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే తాతయ్య ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఆమె బతుకంతా చుట్టుపక్కల పాలేల గడపల్లోనే గడిచింది. బైబిల్ స్త్రీ అంటే ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం, అక్షరాలు నేర్పడం, బాలింతలను కనిపెట్టుకుని ఉండడం, జబ్బు పడ్డవాళ్ల మంచం పక్కన రాత్రిళ్లు కూర్చోవడం, బాప్తిస్మానికి సిద్ధపడే ఆడవాళ్ల చేత పది ఆజ్ఞలు కంఠస్థం చేయించడం ఆమె పని. మగ ఉపదేశకులు అడుగుపెట్టలేని ఇళ్లలోకి, వంటింటి దాకా వెళ్లగలిగినది వీరొక్కరే కనుక, పంతొమ్మిదో శతాబ్దం నుంచీ తెలుగు నేల మీది మిషన్లు, అవి బాప్టిస్టులవైనా, లూథరన్లవైనా, ఆంగ్లికన్లవైనా, వీరి మీద ఆధారపడ్డాయి.

మాది డోర్నకల్ అధ్యక్ష మండలం, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం. 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని పొందిన మొదటి భారతీయుడు ఆయనే. పల్లెల్లో పని చేయడానికి మాల, మాదిగ యువకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలను కూడా డోర్నకల్‌లో ఉంచి చదువు చెప్పించడం ఆయన కాలపు ఆనవాయితీ. మా నాయనమ్మ అట్లా చదువుకున్నదే. చంటిపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, దాని వీపు మీద పలక ఆనించి అక్షరాలు దిద్దానని మాకు ఎన్నోసార్లు చెప్పింది. ఊరికి తిరిగి వచ్చాక తాతయ్య పంతులు అయ్యాడు. పగటి బడి ఆయనది. కూలి నుంచి వచ్చిన ఆడవాళ్లకు కిరసనాయిలు దీపం కింద నడిచిన రాత్రి బడి నాయనమ్మది. జీతం మాత్రం తాతయ్య పేరు మీదే వచ్చేది, నాయనమ్మ పనికి రిజిస్టరులో గడే లేదు. మా ఇంటి ఆడవాళ్లకు చదువు ఇచ్చిన ఆ సంఘం పట్ల నాకు కృతజ్ఞత ఎప్పుడూ ఉంటుంది. ఆ చదువుతో వాళ్లు చేసిన పనికి లెక్క కట్టకపోవడాన్ని మాత్రం ఆ కాలం అటువంటిదని తోసిపుచ్చలేను, ఎందుకంటే అత్తమ్మ కాలానికి కూడా అదే లెక్క నడిచింది. అత్తమ్మకు జీతమంటూ ఒకటి ఉండేది గాని, అది ఉపదేశకుడి జీతంలో సగానికి కూడా రాలేదు.

ఆమె గుడ్డ సంచిని నేను కళ్లు మూసుకుని ఇప్పుడు కూడా సర్దగలను. పాత నేత చీర ముక్కలో చుట్టిన బైబిలు అడుగున ఉండేది, దాని మీద ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, ఒక పక్కన అద్దాల డబ్బా, ఇంకో పక్కన నీలగిరి తైలం సీసా. కాన్పు సమయానికి దొరకదేమోనని కాగితంలో మడిచిన కొత్త బ్లేడు ఒకటి, ఉడకబెట్టి ఆరబెట్టిన దారం కొంత ఎప్పుడూ ఉండేవి. అన్నింటికంటే పైన రిపోర్టు పుస్తకం. ఏ తేదీన ఎన్ని ఇళ్లు తిరిగిందో, ఏ భాగం చదివిందో, ఎవరు ఏ కష్టంలో ఉన్నారో చీమల బారులాంటి చిన్న అక్షరాలతో రాసి, నెలాఖరున అయ్యగారి దగ్గరికి తీసుకెళ్లేది. ఆయన సంతకం పెడితేనే జీతం. ఎవరి బిడ్డ తిండి లేక నీరసించిందో, ఎవరిని మొగడు కొడుతున్నాడో అన్నీ అందులో ఉండేవి. సంతకం ఏ నెలా తప్పలేదు గాని, ఆ రాసినది ఏ కమిటీలోనూ ఎవరూ చదివి వినిపించలేదు.

పిడికెడు బియ్యం

వంట చేసే ప్రతి పూటా ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా చిన్న కుండలో వేసే అలవాటు అప్పట్లో ప్రతి క్రైస్తవ ఇంట్లోనూ ఉండేది. నాట్లు వేసి, కలుపు తీసి, సాయంత్రం కూలిగా తెచ్చుకున్న గింజల్లోంచి తీసిన పిడికెడు అది. శనివారం అత్తమ్మ తవ్వ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కొలిచి తెచ్చేది. నేను వెనకాల గోనెసంచి పట్టుకుని నడిచేదాన్ని. తవ్వలోంచి సంచిలోకి జారే బియ్యం చప్పుడు, ఎవరింట్లో ఎక్కువ వచ్చిందో తెలియకుండా అత్తమ్మ గట్టిగా పాడుతూ కొలవడం నాకు బాగా జ్ఞాపకం. గుడికి కరెంటు బిల్లు, అయ్యగారి రాకపోకల ఖర్చు, క్రిస్మస్‌కు సున్నం, అన్నీ ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే గడిచేవి. అదే శనివారం ఆడవాళ్లు గుడి ఊడ్చి, పేడతో అలికి, ముంగిట ముగ్గు పెట్టేవారు. అందుకు ముందుగా కమిటీ పెద్ద ఇంటికి వెళ్లి తాళంచెవి అడిగి తేవాలి, పని అయిపోయిన వెంటనే తిరిగి అప్పజెప్పాలి.

డబ్బు లెక్క మాత్రం మగవాళ్లది. ఒక ఏడు ఆ డబ్బుతో కొత్త మైకు సెట్టు కొనాలని కమిటీ తీర్మానించింది. పక్క పాలేల నుంచి పొద్దున్నే పిల్లలతో నడిచి వచ్చి, ఆరాధన, ఆ తరువాత కూడిక ముగిసేదాకా ఉండిపోయే ఆడవాళ్లకు గుడి దగ్గర మరుగన్నదే లేదు. మైకు కంటే ముందు గుడి వెనుక ఒక మరుగుదొడ్డి కట్టించమని స్త్రీల మైత్రి (సంఘంలోని ఆడవాళ్ల కూటమి) తరఫున అత్తమ్మ కాగితం రాసి ఇచ్చింది. దేవుని సొమ్ముతో దొడ్లు కడతారా అని ఒక పెద్దమనిషి నవ్వాడు, మిగిలినవారు ఆ నవ్వులో కలిశారు. ఆడవాళ్లెవరూ మారు మాట్లాడలేదు. తరువాతి శనివారం నుంచి తవ్వ సంచిలోకి తిరగబడడం ఆగిపోయింది. ఇళ్లలో పిడికెడు తీయడం మానలేదు, అది ఆ కుండల్లోనే ఉండిపోయింది. కొన్ని నెలలకు కరెంటు బిల్లు కట్టలేక ఆ పెద్దమనిషే మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, బియ్యం ఏమయ్యాయని అడిగాడు.

"బియ్యం ఏడికి పోతయి పెద్దయ్యా, ఇండ్లల్లనే ఉన్నయి," అన్నది అత్తమ్మ. "మీరు గోడ లేపిండ్రంటే గా దినమే కొలుస్తం."

ఇటుక గోడలతో, రేకుల తలుపుతో అది లేచింది. గోడకు ఒక శిలాఫలకం కూడా పెట్టారు. దాని మీద కమిటీ మగవారి పేర్లన్నీ వరుసగా చెక్కి ఉన్నాయి.

వేరు చాపలు

మా గుళ్లో కుడివైపు మగవారు, ఎడమవైపు ఆడవారు కూర్చునేవారు. సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన) రోజున మగవారంతా వెళ్లి వచ్చాకే ఆడవారి వంతు. ఆ వరుసలో ప్రతిసారీ కొందరు లేవకుండా చాప మీదనే ఉండిపోయేవారు, ఎందుకో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. కన్ఫర్మేషన్ (సంస్కారంలో చేర్చుకునే ఆచారం) అయిన తరువాత ఒక ఆదివారం నాయనమ్మ నా మోకాలి మీద చేయి వేసి, "ఇయ్యాల నువ్వు పోకు," అని చెవిలో చెప్పినప్పుడు అర్థమైంది. బయట చేరిన ఆడది రొట్టె, ద్రాక్షారసం ముట్టరాదని మా ప్రార్థన పుస్తకంలో ఎక్కడా లేదు, ఏ బిషప్పూ అట్లా ఆజ్ఞాపించలేదు. అది మా ఇళ్లలోంచి మాతోపాటే గుళ్లోకి వచ్చి, అక్కడ చాప పరుచుకుని కూర్చున్నది. పితృస్వామ్యమంతా విదేశీ మతంతో వచ్చిందనేవారినీ, మతంలో ఏ దోషమూ లేదు, అంతా మన ఆచారాలదే తప్పనేవారినీ నేను నమ్మకపోవడానికి కారణం ఇటువంటివే. ఊరి కట్టుబాటుకు లేఖనం దస్తఖతు పెట్టింది, లేఖనానికి ఊరి కట్టుబాటు కాపలా కాసింది.

అత్తమ్మ ఈ సంగతిని అయ్యగారి దాకా తీసుకుపోలేదు. శనివారం ఆడవాళ్ల కూడికలో మార్కు సువార్త ఐదో అధ్యాయం తీసి, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ గుంపులోంచి వచ్చి యేసు వస్త్రాన్ని ముట్టిన భాగం చదివింది. "కుమారీ, నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అన్న మాట దగ్గర ఆగి, అద్దాలు తీసి, "ముట్టుకుంటే ఆయన మైలపడలే, ఆమెనే బాగుపడ్డది. ఇగ మన సంగతి మీరే ఆలోచన చేసుకోండ్రి," అన్నది. ఆ తరువాతి సంస్కారానికి ఇద్దరు లేచారు, ఆ పై నెల ఇంకొందరు లేచారు. అడగనిదే అయ్యగారికి తెలిసే సంగతి కాదు, ఆయన అడగగలిగే సంగతీ కాదు. అట్లా ఒక కట్టుబాటు ఏ తీర్మానమూ లేకుండా మా గుళ్లోంచి వెళ్లిపోయింది. నాయనమ్మ మాత్రం చివరిదాకా లేవలేదు.

రోమా పదహారో అధ్యాయం

ఒక వేసవిలో వరంగల్ కూటాలకు వచ్చిన ప్రసంగీకుడిని మా అయ్యగారు ఊరికి తీసుకువచ్చారు. ఆయన పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక (బైబిల్లోని ఉత్తరం) రెండో అధ్యాయం తీసి, స్త్రీకి "ఉపదేశించుటకైనను పురుషునిమీద అధికారము చేయుటకైనను" సెలవివ్వనన్న వచనం మీద చాలాసేపు మాట్లాడాడు. ఆరాధనలో బైబిలు పాఠం చదవడం కూడా ఉపదేశమేనని తేల్చాడు. ఆ తరువాత మా గుళ్లో ఆడపిల్లల చేత పాఠాలు చదివించడం మానేశారు. కొంగు జారితే కసిరేవారు కూడా అప్పుడే ఎక్కువయ్యారు. తల మీద ముసుగు లేకుండా స్త్రీ ప్రార్థించరాదని, ప్రవచించరాదని కొరింథీయులకు పౌలు రాశాడంటే, ముసుగు వేసుకున్న స్త్రీలు ఆ సంఘంలో నోరు తెరిచి ప్రార్థిస్తున్నారు, ప్రవచిస్తున్నారు అనే కదా. ఆ వచనంలోంచి మా పెద్దలు ముసుగును మాత్రం తీసుకున్నారు.

అత్తమ్మ ఆయనతో వాదానికి దిగలేదు. సండే స్కూలు కంఠస్థ పోటీకి ఏటా ఇరవై మూడో కీర్తనో, కొండమీది ప్రసంగమో ఇచ్చేవారు. ఆడపిల్లల భాగం ఎంపిక చేయడం ఆమె చేతిలో ఉండేది గనుక, ఆ ఏడు ఆమె రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయంలో మొదటి పదహారు వచనాలు ఇచ్చింది. అవన్నీ వందనాలే, ఒకదాని వెంట ఒకటి నోరు తిరగని పేర్లే. మా అరుగు మీద సాయంత్రాలు కూర్చుని మేము అప్పజెబుతుంటే, ఆడమనిషి పేరు వచ్చినప్పుడల్లా ఒక చింతగింజ పక్కన పెట్టించేది. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేకు ఒక గింజ. పౌలు కోసం ప్రాణమివ్వడానికి తెగించిన ప్రిస్కిల్లకు ఒకటి, ఆమె భర్త అకులకు లేదు. మరియకు, యూనీయకు, త్రుఫైనాకు, త్రుఫోసాకు, పెర్సిసుకు ఒక్కొక్కటి. త్రుఫైనా, త్రుఫోసా దగ్గర నా నాలుక ప్రతిసారీ మడతపడేది, చెల్లెళ్లు పడీపడీ నవ్వేవారు. రూఫు తల్లికి పేరు చెప్పలేదు గాని, ఆమె తనకు కూడా తల్లేనని పౌలు రాశాడు కాబట్టి ఆమెకూ ఒక గింజ. యూలియకు, నేరెయ సహోదరికి పెట్టాక లెక్కిస్తే పది.

పోటీ నాడు మేము వరుసగా నిలబడి ఆ పేర్లు అప్పజెప్పాం. ఇదేమి భాగం, పేర్ల పట్టీ లాగా ఉన్నదే అని ఒక పెద్ద అడిగాడు. "పౌలు రాసిందే అయ్యా," అన్నది అత్తమ్మ, ఇంకేమీ అనలేదు. ఆ పత్రికను రోముకు మోసుకెళ్లింది ఫీబేయేనని చాలామంది పండితుల అభిప్రాయమని, అపొస్తలుల్లో ప్రసిద్ధికెక్కినదని పౌలు చెప్పిన యూనీయను నాలుగో శతాబ్దపు బోధకుడు యోహాను క్రిసొస్తొము స్త్రీగానే కొనియాడాడని, తరువాతి కాలంలో ఆమెను మగవాడిగా మార్చి చదివినవారున్నారని నేను ఎంతో కాలానికి గాని చదవలేదు. అత్తమ్మకు వ్యాఖ్యాన గ్రంథాలేవీ అందుబాటులో లేవు. ఆమె దగ్గర ఉన్నది బైబిలు ఒక్కటే, దాన్ని చివరి అధ్యాయాల దాకా చదివిన ఓపిక ఒక్కటే.

కాజీపేటలో సిస్టర్లు

పై చదువుకు బాపు నన్ను కాజీపేటలో కన్యాస్త్రీలు నడిపే హాస్టల్లో చేర్పించాడు. అత్తమ్మ పంచాయితీలను చూసి పెరిగిన నాకు అది వేరే లోకం. 1952లో వరంగల్ కథోలిక మేత్రాసనం (బిషప్ మండలం) ఏర్పడిన తరువాత ఫాతిమా మాత గుడి చుట్టూ బడులు, ఆసుపత్రులు లేచిన రైల్వే ఊరు అది. అక్కడ సిస్టర్లే జీపు నడిపేవారు, పద్దులు రాసేవారు, సూదిమందు వేసేవారు, ఇంటి కప్పు కారితే మేస్త్రీతో బేరమాడేవారు. ఒక్క మగ పెద్దను అడగకుండా పొద్దు గడిచే ఇల్లును నేను అక్కడే మొదటిసారి చూశాను. అయినా తెల్లవారి పూజకు ఫాదర్‌గారు రావలసిందే. ఆయన రైలు ఆలస్యమైతే, క్రైస్తవ వేదశాస్త్రం చదువుకున్న ఆ సిస్టర్లందరూ మాలాగే చేతులు కట్టుకుని కూర్చునేవారు.

పవిత్ర గురువారం నాడు, యేసు శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా, పన్నెండుమంది మగవారిని వరుసగా కూర్చోబెట్టి ఫాదర్‌గారు కాళ్లు కడిగేవారు. ఇత్తడి పళ్లెం తోమి పెట్టడం, నీళ్లు గోరువెచ్చగా కాచడం, తుండుగుడ్డలు ఇస్త్రీ చేయడం మా హాస్టల్ అమ్మాయిల పని. ఆ వరుసలో స్త్రీలను కూడా కూర్చోబెట్టవచ్చని పోప్ ఫ్రాన్సిస్ 2016లో నియమం మార్చారు. పీఠం మీద వాక్యం చదివే పరిచర్యను స్త్రీలకు అధికారికంగా ఇవ్వడానికి 2021 దాకా పట్టింది. గురుత్వం (ఫాదర్ పదవి) విషయంలో మాత్రం, దాన్ని స్త్రీలకు ఇచ్చే అధికారం సంఘానికి లేదని 1994లో పోప్ రెండవ జాన్ పాల్ రాసినదే ఈనాటికీ నిలిచి ఉంది. సెలవులకు ఇంటికి వచ్చి సిస్టర్ల సంగతులు చెబితే అత్తమ్మ జీపు గురించే మళ్లీ మళ్లీ అడిగేది.

సంతకాలు

మా పాలెంలో ఒకామెను భర్త రోజూ తాగి కొట్టేవాడు. సంఘం పెద్దలు గుళ్లోనే పంచాయతీ పెట్టి, ఎఫెసీ పత్రికలోంచి భార్యలు లోబడి ఉండాలన్న వచనం చదివి ఆమెను వెనక్కు పంపారు. మూడు వచనాల తరువాత భర్తలకు చెప్పిన మాట ఆ రోజు ఎవరూ చదవలేదు. ఆమె అర్ధరాత్రి పిల్లవాడితో మా ఇంటికి వచ్చింది, పంట కోతల దాకా అత్తమ్మ గదిలోనే ఉన్నది. విడిపోవడానికి చట్టం కూడా అప్పుడు ఆమె వైపు లేదు. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వాన్నో, విడిచిపెట్టడాన్నో కూడా రుజువు చేయాలి. ఆ తేడా పోవడానికి 2001 దాకా ఆగవలసి వచ్చింది.

ఆస్తి సంగతి దీనికి తలకిందులు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో క్రైస్తవ కుమార్తెకు, కుమారుడికి వాటా సమానమే. కేరళలో తిరువాన్కూరు పాత చట్టం అడ్డుగా ఉంటే మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో అది ఇక చెల్లదని తీర్పు తెచ్చుకున్నది. మాకు అటువంటి అడ్డు కూడా లేదు, ఆ సంగతి చెప్పినవారూ లేరు. ఎన్నో ఏళ్లుగా విన్న ఆదివారపు ప్రసంగాల్లో దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) లెక్క నాకు పైసలతో సహా వచ్చు గాని, ఆడపిల్ల వాటా గురించి ఒక్క మాట విన్న జ్ఞాపకం లేదు. తాతయ్య పోయాక పెద్దలు తెచ్చిన కాగితం మీద అత్తమ్మ తన చేతితో సంతకం చేసి, చెలక మీది హక్కు వదులుకున్నది. ఊళ్లో సగం మంది ఆడవాళ్లకు సంతకం నేర్పిన చేయి అది. బాపు పోయినప్పుడు అటువంటి కాగితమే నా ముందుకు వస్తే, "చదువకుండ పెట్టకు," అని వెనుక నుంచి అన్నది. నేను చదివాను, పెట్టలేదు. తమ్ముడు రెండేళ్లు మాట్లాడలేదు.

2013 సెప్టెంబరులో, మా డోర్నకల్ మండలం కూడా చేరి ఉన్న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) నంద్యాల మండలానికి ఎగ్గోని పుష్పలలితగారిని బిషప్‌గా నియమించింది. ఆ సంఘంలో ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ ఆమె. అప్పటికి అత్తమ్మకు చూపు మందగించింది, పేపరు నేనే చదివి వినిపించాను. ఫొటోలో బిషప్ కర్ర పట్టుకుని ఉన్నదా అని అడిగింది. ఉన్నదన్నాను. "జీతం మొగ బిషప్పుకు ఇచ్చినంత ఇస్తరా?" అన్నది. నాకు తెలిసిన ఒక మహిళా ప్రెస్బిటరును (అభిషేకం పొందిన పాస్టరును) ఈ ప్రశ్న అడిగితే, జీతాల్లో తేడా లేదు, పోస్టింగుల్లోనే ఉన్నది అని నవ్వింది. ఆమెను ఒకసారి మా ఊరికి పిలిచి, మంచం పట్టిన అత్తమ్మకు ఇంట్లోనే సంస్కారం ఇప్పించాను. ఆమె నెమ్మదిగా ప్రార్థన మొదలుపెట్టగానే అత్తమ్మ చేయి ఎత్తి ఆపింది.

"జర గట్టిగ చదువు బిడ్డా. పెద్దయ్య ఇల్లు పక్కనే, ఆయనకు గూడ ఇనబడాలె."

ఆ తరువాతి బదిలీల్లో ఆమెను మరో పల్లె పాస్టరేట్‌కే వేశారు. అక్కడ కూడా గుడి తాళంచెవి కమిటీ పెద్ద ఇంట్లోనే ఉంటుందని ఫోనులో చెప్పింది.